కారు డోర్ లోపల నీళ్ళు నిలిచిపోతున్నాయి, సిలికాన్ కొట్టి మూసేయొచ్చా?

రెండోఓనర్
వానలు మొదలైనప్పటి నుంచి ఎడమవైపు ముందు డోర్ తెరిస్తే లోపల గళగళమని నీళ్ళ చప్పుడు. బ్రేక్ వేస్తే నీళ్ళు ముందుకి, యాక్సిలరేటర్ తొక్కితే వెనక్కి పోవడం స్పష్టంగా వినిపిస్తోంది. ఆ వైపు పవర్ విండో కూడా నెమ్మదించింది. పైగా ఆ సీటు ముందు కాళ్ళ దగ్గర కార్పెట్ తడిగా ఉంటోంది, పొద్దున్నే అద్దాలకి లోపలి వైపు ఆవిరి పడుతోంది.

మెకానిక్‌కి చూపిస్తే "గ్లాస్ బీడింగ్ పోయింది, నీళ్ళు అక్కడి నుంచే దిగుతున్నాయి, సిలికాన్ కొట్టి మూసేద్దాం, ఆ గ్లాస్ దించకపోతే చాలు" అన్నాడు. గ్లాస్ దించకుండా ఎన్నాళ్ళని తిరుగుతాం? కొత్త బీడింగ్ వేయిస్తే సరిపోతుందా, లేక డోర్ మొత్తం విప్పించాలా? సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న కారు. పాత ఓనర్ ఏమేం చేయించాడో తెలీదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

వానపిట్ట
నాదీ ఇదే గోల. కాకపోతే నాకు బ్రేక్ వేసినప్పుడే చప్పుడు, డోర్ ఊపితే ఏమీ వినిపించదు. ఫాలో అవుతున్నా.

పదోనంబర్‌పానా
సిలికాన్ మాత్రం వద్దు. ముందు అది పక్కన పెట్టించండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

డోర్‌లోకి నీళ్ళు దిగడం జబ్బు కాదు. ఏ కారుకైనా దిగుతాయి, షోరూమ్ నుంచి అప్పుడే వచ్చిన కారైనా సరే. గ్లాస్ పైకీ కిందికీ కదలాలి కదా. బయటి బీడింగ్ ఆ గ్లాస్‌ని తుడుస్తుందే తప్ప బిగించి మూయలేదు. వాన పడినా, వాటర్ వాష్ చేసినా గ్లాస్ వెంబడి కొంత నీరు లోపలికి జారుతుంది. బండి తయారుచేసినవాళ్ళకి ఇది తెలుసు. బయటి రేకుకీ లోపలి రేకుకీ మధ్య జాగా తడిసేదే అనుకుని కట్టారు. డోర్ ప్యాడ్ (కారు లోపల కూర్చుంటే కనిపించే ప్లాస్టిక్ పలక) వైపు మాత్రం పొడిగా ఉండాలి. తడి భాగంలోకి వచ్చిన నీళ్ళు అడుక్కి దిగి, డోర్ కింది అంచున ఉన్న రంధ్రాల్లోంచి రోడ్డు మీద పడాలి. మీ దాంట్లో ఆ దారి మూసుకుపోయింది.

డోర్ బార్లా తెరిచి, అడుగు అంచు కింద చూడండి. మామూలుగా రెండు నుంచి నాలుగు రంధ్రాలుంటాయి. కొన్నిటికి గుండ్రంగా, కొన్నిటికి పొడుగాటి చీలికల్లా. కొన్ని కార్లలో రంధ్రం మీద చిన్న రబ్బరు రెక్క ఉంటుంది. దుమ్ము, ఎండుటాకుల పొడి, పాలిష్ మైనం, పాత బీడింగ్ నుంచి రాలిన రబ్బరు పొడి అన్నీ కలిసి అక్కడ బురదలా గట్టిపడతాయి. ప్లాస్టిక్ కేబుల్ టై తీసుకుని మెల్లగా పొడవండి. స్క్రూడ్రైవర్, మేకు, ఇనప తీగ వద్దు. పెయింట్ గీసుకుంటే అక్కడే తుప్పు మొదలు. పొడిచేటప్పుడు చెయ్యీ మొహమూ పక్కకి పెట్టుకోండి, నీళ్ళు ఒక్కసారిగా వస్తాయి.

మెల్లగావెళ్దాం
నిండు కుండ తొణకదంటారు. మీ డోర్ తొణుకుతోందంటే ఇంకా పూర్తిగా నిండలేదన్నమాట, సంతోషించండి :)

పదోనంబర్‌పానా
@మెల్లగావెళ్దాం నవ్వుకి అన్నా అందులో నిజముంది. చప్పుడు లేనంత మాత్రాన నీళ్ళు లేవని కాదు. అడుగున బురద పేరుకుంటే నీళ్ళు అందులోనే నాని ఉంటాయి, తొణికే చోటు ఉండదు. చప్పుడే రాక, ఎవరూ చూడక, రేకు లోపలి నుంచి తినేసిన డోర్లు చాలా విప్పాను. చప్పుడు వచ్చినవాళ్ళు ఒక రకంగా అదృష్టవంతులు.

రెండోఓనర్
ఇప్పుడే చూశా. అడుగంతా పొడుగ్గా ఒక రబ్బరు పట్టీ ఉంది, రంధ్రాలేవీ కనపడట్లేదు. వెనక మూలలో ఒక గుండ్రటి రబ్బరు మూత మాత్రం ఉంది. అది పీకేయనా?

తుప్పుశత్రువు
పీకొద్దు, ఆగండి. డోర్ మీద కనిపించే ప్రతి రబ్బరు మూతా నీళ్ళ దారి కాదు. ఫ్యాక్టరీలో లోపలి బోల్టు అందుకోవడానికో, పెయింట్‌లో ముంచినప్పుడు అది కారిపోవడానికో పెట్టిన రంధ్రాలకి తర్వాత మూతలు వేస్తారు. అవి ఉండాల్సినవే.

ఒక పని చేయండి. ఫోన్ కెమెరా ఫ్లాష్ వేసి డోర్ కింద నుంచి పైకి వీడియో తీయండి. బయటి రేకు లోపలి రేకు మీదకి మడిచిన అంచు కనపడుతుంది. ఆ మడతకి కాస్త లోపలగా, డోర్ బాగా కిందికి దిగే చోట చూడాలి. మీ అవతలి డోర్‌తో పోల్చి చూసుకోండి. అక్కడ రబ్బరు పట్టీ లేకపోతే ఇది ఎవరో తర్వాత అంటించిందే.

రెండోఓనర్
@తుప్పుశత్రువు అవతలి డోర్‌కి పట్టీ ఉంది కానీ క్లిప్పుల మీద నిలబడింది, మధ్యలో సందులున్నాయి. ఎడమ డోర్‌ది గమ్‌తో అంటించారు. రేపు తీసి చూస్తా.

గేర్‌మార్చు
ఇంత లొల్లి ఎందుకన్నా. నా పాత బండికి గిట్లనే అయింది. అడుగున డ్రిల్‌తోని రెండు బొక్కలు కొట్టిన, అయిపాయె. ఏండ్లు గడిచినయి, ఏం కాలే. నీళ్ళు ఎప్పటికప్పుడు పోతున్నయి.

తుప్పుశత్రువు
@గేర్‌మార్చు అన్నా, మీ బండికి ఏం కాలేదంటే సంతోషం. కానీ ఇంకొకళ్ళకి ఈ సలహా ఇవ్వలేను. డ్రిల్ పడ్డ చోట పెయింటూ పోతుంది, దాని కింద జింక్ పూతా పోతుంది. పచ్చి ఇనుము బయటపడేది సరిగ్గా నీళ్ళు చేరే చోటే. రంధ్రం అంచులకి ప్రైమర్, పెయింట్ వేయకపోతే అక్కడి నుంచి తుప్పు పాకుతుంది. ఇక ఇనప రజను లోపల పడి ఊరుకోదు, అదీ తుప్పు పట్టి చుట్టుపక్కల అంటిస్తుంది. ఉన్న రంధ్రాలు తెరిస్తే పోయేదానికి కొత్తవి దేనికి?

కిటికీసీటు
డ్రిల్ గురించి ఇంకో మాట. ఇది తుప్పు కంటే పెద్ద విషయం.

ఇప్పటి చాలా కార్లలో పక్కనుంచి గుద్దుకున్నప్పుడు తెలియడానికి డోర్ లోపల గాలి పీడనం కొలిచే సెన్సర్ ఉంటుంది. బయటి రేకు లోపలికి నొక్కుకోగానే డోర్ ఖాళీలో గాలి ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ పెరుగుదల చూసి కొన్ని మిల్లీసెకన్లలోనే సైడ్ ఎయిర్‌బ్యాగ్ తెరవాలా వద్దా అన్నది తేలాలి. పక్కవైపు మనిషికీ గుద్దే బండికీ మధ్య దూరం తక్కువ, ముందువైపు ఉన్నంత సమయం ఉండదు. డోర్‌కి ఫ్యాక్టరీలో ఎన్ని సందులున్నాయో ఆ లెక్కకి తగ్గట్టే సెన్సర్‌ని సర్దుతారు. మనం కొత్త రంధ్రాలు కొట్టినా, స్పీకర్ తీసి ఖాళీగా వదిలేసినా, డోర్ ప్యాడ్ వెనక అంటించి ఉండే ప్లాస్టిక్ షీట్ చింపేసినా ఆ లెక్క మారుతుంది. అలాంటి డోర్లకి అదనపు రంధ్రాలు పెట్టొద్దని సర్వీస్ మాన్యువల్స్‌లోనే హెచ్చరిక ఉంటుంది.

అందుకే ప్యాడ్ విప్పేముందు కూడా ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగండి. ఆ సెన్సర్ వైరు తీసి ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి అలాగే ఉండిపోవచ్చు.

గేర్‌మార్చు
నా బండికి ఎయిర్‌బ్యాగే లేదు తమ్మీ. గందుకే ఏం కాలే అన్న. కొత్త బండ్లకి మీరు చెప్పింది కరెక్టే కావచ్చు, ఒప్పుకుంట. కానీ పాత బండికి ఉన్న బొక్కలే తుప్పు పట్టి పూడుకుపోతే ఏం జెయ్యాలె? దానికి డ్రిల్ తప్ప దారి లేదు.

పదోనంబర్‌పానా
@గేర్‌మార్చు ఫ్యాక్టరీ రంధ్రమే తుప్పుతో పూడిపోయిందంటే దాన్నే శుభ్రం చేసి వెడల్పు చేస్తాం, నిజమే. కానీ అప్పటికి అది టింకరింగ్ పని. తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, పెయింట్ వేసి వదలాలి. ఒట్టి డ్రిల్ కొట్టి వదిలేస్తే తర్వాత డోర్ అడుగే మార్చాలి.

నైట్‌డ్రైవ్
ఇన్ని పొడవడాలు ఎందుకు, ఎయిర్ కంప్రెసర్ గొట్టం కింద రంధ్రానికి పెట్టి ఒక్కసారి కొడితే మొత్తం ఊడి వస్తుంది కదా?

పదోనంబర్‌పానా
ఊడుతుంది, కానీ పైకి ఊడుతుంది. కింద నుంచి గట్టిగా కొడితే బురద డోర్ లోపలికి ఎగిరి మళ్ళీ అదే రంధ్రం మీదకి దిగుతుంది. ఒత్తిడి ఎక్కువైతే లోపలి షీట్ అంటు కూడా వదిలేస్తుంది. ముందు పొడిచి నీళ్ళు పోనివ్వండి. తర్వాత గ్లాస్ కొంచెం దించి, బయటి బీడింగ్ సందులోంచి మామూలు పైపుతో సన్నటి ధారగా నీళ్ళు వదలండి. ప్రెషర్ వాషర్ వద్దు. కింద నుంచి తేట నీరు వచ్చేదాకా పోయండి. ఎయిర్ అంటే ఆ తర్వాత, తక్కువ ఒత్తిడితో, ఆరడానికి.

నైట్‌డ్రైవ్
ఏళ్ళుగా ఎయిరే వాడుతున్నా, నాకెప్పుడూ షీట్ ఊడలేదు. ఒత్తిడి తక్కువ పెడితే చాలు. నీళ్ళతో కడగడం మాత్రం మంచి మాట, అది కలుపుకుంటా.

రెండోఓనర్
అప్‌డేట్. ఆ అంటించిన పట్టీ తీశా. కింద మూడు రంధ్రాలు, మూడింటినీ గమ్ కప్పేసింది. కేబుల్ టైతో పొడవగానే నల్లటి నీళ్ళు, తర్వాత జిగురు లాంటి బురద. కారుతూనే ఉంది. పానా గారు చెప్పినట్టు పైనుంచి సన్నగా నీళ్ళు వదిలి తేటగా వచ్చేదాకా కడిగా. చప్పుడు పూర్తిగా పోయింది. విండో కూడా కాస్త తేలికపడింది.

కానీ మళ్ళీ వాన పడింది, కార్పెట్ మళ్ళీ తడిసింది. డోర్‌లో నీళ్ళు నిలవట్లేదు, మరి ఇవి ఎక్కడివి?

సౌండ్‌పిచ్చోడు
ఇది నా ఏరియా. స్పీకర్లు కంపెనీవా, మార్చినవా?

రెండోఓనర్
మార్చినవే. కొన్నప్పుడే పెద్ద స్పీకర్లు ఉన్నాయి.

సౌండ్‌పిచ్చోడు
అయితే డోర్ లోపలి షీట్ పోయి ఉంటుంది, తొంభై శాతం ఖాయం. మీకు రెండు సమస్యలు కలిసి వచ్చాయి, ఒకటి తీరింది, రెండోది మిగిలింది.

డోర్ ప్యాడ్ తీస్తే లోపలి రేకుకి పెద్ద పెద్ద కిటికీల్లా ఖాళీలు కనిపిస్తాయి. విండో మోటార్, గ్లాస్‌ని ఎత్తి దించే రెగ్యులేటర్ అందుకోవడానికి వదిలినవి. వాటి మీద ఒక ప్లాస్టిక్ షీటో, పలచటి ఫోమ్ షీటో నల్లటి జిగురుతో అంటించి ఉంటుంది. చాలామంది దాన్ని దుమ్ము రాకుండా వేసిన కవర్ అనుకుని లెక్కచేయరు. నిజానికి తడి భాగానికీ మీ కాళ్ళకీ మధ్య ఉన్న ఒకే ఒక్క అడ్డం అదే. లోపల ఎగిరిపడిన చుక్కలు, మోటార్ బ్రాకెట్ మీద నుంచి కారే నీళ్ళు ఆ షీట్‌కి తగిలి కిందికి జారాలి. షీట్ అడుగు అంచు రేకు బయట వేలాడకూడదు, డోర్ లోపలికి దోపి ఉండాలి. పెంకుటింటి కప్పు మీద పై పెంకు కింది పెంకు మీదకి వచ్చినట్టు, నీళ్ళు ఎప్పుడూ డోర్ తడి భాగం లోపలికే పడాలి. ఆ అంచు బయటికి వచ్చిందా, జారిన నీళ్ళన్నీ ప్యాడ్ వెనక దిగి, గుమ్మం బీడింగ్ దాటి కార్పెట్‌లోకి పోతాయి.

స్పీకర్ పెట్టేటప్పుడు బ్లేడుతో ఆ షీట్ కోసి పారేసేవాళ్ళు ఉన్నారు. నేనూ ఆడియో పనే చేస్తాను, ఇది చూస్తే ఒళ్ళు మండుతుంది. పాట బాగా వినిపించాలని పెట్టించుకున్నది, చివరికి కారులో బూజు వాసనకి కారణం కావడం ఏంటి?

వానపిట్ట
@సౌండ్‌పిచ్చోడు పవర్ విండో రిపేర్ చేయించినా ఇలాగే అవుతుందా?

సౌండ్‌పిచ్చోడు
అవుతుంది. రెగ్యులేటర్ మార్చాలన్నా షీట్ తీయాల్సిందే. తిరిగి సరిగ్గా అంటించారా లేదా అన్నది పని చేసినవాళ్ళ శ్రద్ధ. ప్యాడ్ బిగించేముందు మీరే ఒకసారి చూస్తానని అడగండి.

రెండోఓనర్
ప్యాడ్ విప్పా. మీరు చెప్పినట్టే ఉంది. స్పీకర్ చుట్టూ షీట్ కోసేశారు. కింది భాగం పైకి మడిచి బ్రౌన్ ప్యాకింగ్ టేప్ వేశారు, అది కూడా తడిసి సగం ఊడి వేలాడుతోంది. వైర్ కనెక్టర్ ఒకటి పచ్చగా చిలుం పట్టింది, విండో నెమ్మదించడానికి అదే కారణం కావచ్చు. ఇప్పుడు దేంతో అంటించాలి? ఇంట్లో మంచి సిలికాన్ ట్యూబ్ ఉంది.

నైట్‌డ్రైవ్
సిలికాన్ బాగానే పట్టుకుంటుంది, నేను అదే వాడా.

తుప్పుశత్రువు
వద్దు. మామూలుగా దొరికే చాలా సిలికాన్లు ఆరేటప్పుడు ఘాటుగా వెనిగర్ వాసన వేస్తాయి. ఎసిటిక్ యాసిడ్ వదులుతాయి, రేకుకీ వైర్ల రాగికీ మంచిది కాదు. పైగా గట్టిపడ్డాక మళ్ళీ ప్యాడ్ విప్పాల్సి వస్తే షీట్ చిరుగుతుంది.

ఫ్యాక్టరీలో వాడే నల్ల జిగురు బ్యూటైల్. అది ఎప్పటికీ పూర్తిగా ఎండదు. తీసి మళ్ళీ నొక్కితే అంటుకుంటుంది. తాడులా చుట్టిన బ్యూటైల్ టేప్ దొరుకుతుంది. రేకుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, టేప్ తెగకుండా వరసగా వేయండి. చలిగా ఉంటే హెయిర్ డ్రయర్‌తో కాస్త వెచ్చబెట్టి నొక్కాలి. మొదలూ చివరా కలిసే చోటు పైభాగాన ఉండేలా చూసుకోండి, అడుగున వద్దు.

నైట్‌డ్రైవ్
వెనిగర్ వాసన రాని న్యూట్రల్ సిలికాన్ కూడా ఉంటుంది. నేను వాడింది అది. అన్నిటినీ ఒకే గాటన కట్టకండి.

తుప్పుశత్రువు
అది వేరు, సరే. తుప్పు భయం తక్కువ. విప్పేటప్పుడు కష్టం మాత్రం అలాగే ఉంటుంది.

సౌండ్‌పిచ్చోడు
షీట్‌కి కోసిన భాగం పెద్దదైతే అతుకులు వేయకండి. ఆ మోడల్‌కి కొత్త షీట్ విడిగా దొరుకుతుందేమో పార్ట్స్ కౌంటర్‌లో అడగండి. దొరక్కపోతే మందపాటి ప్లాస్టిక్ షీట్ మీద పాతది పరిచి ఆకారం గీసి కోసుకోవచ్చు. డోర్ హ్యాండిల్ తీగలు, వైర్లు దూరే చోట పెద్ద రంధ్రం చేయకండి, చిన్న చీలిక పెట్టి చుట్టూ బ్యూటైల్ ఒత్తండి. పచ్చ పట్టిన కనెక్టర్‌ని కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, వైరు కొంచెం కిందికి వంగి మళ్ళీ పైకి వచ్చేలా కట్టండి. నీటి చుక్క వంపు దగ్గరే రాలిపోతుంది, కనెక్టర్ దాకా పోదు.

చప్పుడు తగ్గడానికి డ్యాంపింగ్ మ్యాట్ వేయించుకునేవాళ్ళకి కూడా ఒక మాట. బయటి రేకుకి లోపల అంటించినప్పుడు అడుగు అంచుకి దూరంగా ఆపాలి. తారు రకం నాసిరకం మ్యాట్లు ఎండకి మెత్తబడి జారి, సరిగ్గా రంధ్రాల మీద కూర్చుంటాయి. తడిని పీల్చే ఫోమ్ డోర్ లోపల అసలు వద్దు.

కిటికీసీటు
షీట్ అంటించాక వెంటనే ప్యాడ్ బిగించకండి. ప్యాడ్ లేకుండానే బయట నుంచి గ్లాస్ మీద సన్నగా నీళ్ళు పోసి, లోపల కూర్చుని టార్చ్ వేసి చూడండి. షీట్ కింద పొడి టిష్యూ కాగితం పెడితే చిన్న చెమ్మ కూడా కనపడుతుంది. గుమ్మం చుట్టూ ఉన్న పెద్ద బీడింగ్ మీద అనుమానం ఉంటే, ఒక కాగితం ముక్క మధ్యలో పెట్టి డోర్ వేసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ పట్టు లేదు.

వానపిట్ట
నా సంగతి కూడా చెప్పండి ప్లీజ్. డోర్ అడుగు రంధ్రాలన్నీ తెరిచే ఉన్నాయి, పొడిచి చూశా, చుక్క రాలేదు. కానీ బ్రేక్ వేస్తే నీళ్ళ చప్పుడు వస్తూనే ఉంది. కుడివైపు నుంచి.

పదోనంబర్‌పానా
నాలుగు డోర్లూ తెరిచిపెట్టి, బండి పక్కన నిలబడి బాడీని చేత్తో పక్కకి ఊపండి. డోర్ ఊపితే రాని చప్పుడు బాడీ ఊపితే వస్తే, నీళ్ళు గుమ్మం కింద పెట్టె భాగంలో ఉన్నట్టు. డోర్ల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పొడుగ్గా ఉండే బోలు భాగం అది. దానికి కూడా అడుగున డ్రెయిన్ రంధ్రాలుంటాయి. జాక్ పెట్టే చోటుకి దగ్గర్లో చూడండి. ఒట్టి జాక్ మీద ఉన్న బండి కిందకి మాత్రం దూరకండి, స్టాండ్లు ఉండాలి, లేకపోతే ర్యాంప్ ఉన్న చోటుకి తీసుకెళ్ళండి. సన్‌రూఫ్ ఉందా?

వానపిట్ట
ఉంది. చప్పుడు మీరన్నట్టే బాడీ ఊపితే వచ్చింది!

పదోనంబర్‌పానా
సన్‌రూఫ్ కూడా డోర్ గ్లాస్ లాంటిదే, కొంత నీరు దిగుతుందనే కట్టారు. చుట్టూ ఉన్న తొట్టి మూలల నుంచి సన్నటి గొట్టాలు స్తంభాల్లోంచి కిందికి వస్తాయి. ఆ గొట్టం మధ్యలో ఊడినా, పూడినా నీళ్ళు బాడీ లోపలే పడతాయి. గుమ్మం రంధ్రాలు తెరిస్తే ఇప్పటి నీళ్ళు పోతాయి, కానీ గొట్టాలు కూడా చూడాలి. సన్‌రూఫ్ తెరిచి మూలలో కొంచెం నీళ్ళు పోయండి. కాసేపటికి బండి కింద ఆ వైపు కారాలి. గొట్టంలోకి గట్టి తీగ దూర్చకండి, చివర ఊడిపోతుంది.

మెల్లగావెళ్దాం
తడి కార్పెట్ అనగానే అందరం డోర్ మీద పడుతున్నాం. వాన లేని రోజు కూడా, ఏసీ వేసినప్పుడే ముందు సీటు కాళ్ళ దగ్గర తేట నీరు వస్తే అది ఏసీ డ్రెయిన్ గొట్టం. తీపి వాసన, వేళ్ళకి జిడ్డు, అద్దం మీద పొర పడితే హీటర్ నుంచి కూలెంట్ కారుతున్నట్టు, అది వెంటనే చూపించాలి. ముందు అద్దం కింద వైపర్ల దగ్గర ఆకులు పేరుకున్నా నీళ్ళు లోపలికి మళ్ళుతాయి.

హిమబాట
మంచు పడే చోట ఉంటాను కాబట్టి ఇక్కడి సంగతి చెప్తా. డోర్‌లో మిగిలిన నీళ్ళు రాత్రికి గడ్డకడతాయి. నీరు ఐసు అయితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి మడత అంచు సీలెంట్ పగలొచ్చు. గ్లాస్ అడుగున అతుక్కుపోతే పొద్దున్నే స్విచ్ నొక్కినప్పుడు మోటార్ పాడవ్వొచ్చు, లేదా రెగ్యులేటర్ కేబుల్ తెగొచ్చు. అలాంటప్పుడు స్విచ్‌ని పదే పదే నొక్కకండి, వేడినీళ్ళు అసలు పోయకండి, గ్లాస్ పగలొచ్చు. లోపల హీటర్ వేసి ఆగడమే. రోడ్ల మీద చల్లే ఉప్పు కూడా ఆ నీళ్ళలో కలుస్తుంది, తుప్పు ఇంకా త్వరగా వస్తుంది. చలి మొదలయ్యే ముందు రంధ్రాలు చూసుకోవడం ఇక్కడ తప్పనిసరి.

తుప్పుశత్రువు
రెండోఓనర్ గారూ, ప్యాడ్ ఎలాగూ విప్పారు కాబట్టి ఇప్పుడే డోర్ లోపలి అడుగు భాగం చూసేయండి. మళ్ళీ ఇంత తేలిగ్గా చూసే అవకాశం రాదు. ఖాళీల్లోంచి ఫోన్ దింపి ఫోటో తీస్తే చాలు.

డోర్లకి తుప్పు దాదాపు ఎప్పుడూ అడుగు మడతలోనే మొదలవుతుంది. రెండు రేకుల మధ్య వెంట్రుక వాసి సందులోకి నీరు పాకుతుంది, ఎండకి బయట అంతా ఆరినా అక్కడ ఆరదు. బయట పెయింట్ బుడగలు కనపడ్డాయంటే అప్పటికే లోపలి నుంచి తినేసింది. బుడగ గీకి పెయింట్ కొడితే కొన్నాళ్ళకి మళ్ళీ వస్తుంది.

లోపల ఎర్రగా పైపైన ఉంటే బాధ లేదు. బాగా ఆరనివ్వండి. ఒక రోజంతా డోర్ తెరిచి, ఫ్యాన్ పెట్టి. తర్వాత క్యావిటీ వ్యాక్స్ అని, ఇలాంటి బోలు భాగాల్లో కొట్టే మైనం దొరుకుతుంది, పొడుగాటి గొట్టం చివర అన్ని వైపులా చిమ్మే నాజిల్‌తో. సన్నగా పాకే రకం తీసుకోండి, మడత సందులోకి అదే దూరుతుంది. గ్లాస్ పూర్తిగా పైకెత్తి కొట్టాలి. గ్లాస్ రబ్బరు దారులు, మోటార్, స్పీకర్ మీద పడకూడదు. దాని ఆవిరి అంటుకుంటుంది కాబట్టి గాలి ఆడే చోట, నిప్పుకి దూరంగా. కొట్టాక చివర్లో రంధ్రాలన్నిట్లో మళ్ళీ కేబుల్ టై ఆడించండి. ఈ ఒక్క అడుగు మర్చిపోతే మైనమే రంధ్రాన్ని పూడ్చేస్తుంది. అండర్ కోటింగ్ చేయించుకున్న బండ్లలో చాలాసార్లు ఇదే చూస్తాం. తుప్పు రాకుండా కొట్టిన కోటింగే డ్రెయిన్లు మూసేసి ఉంటుంది.

నైట్‌డ్రైవ్
డబ్ల్యూడీ-40 స్ప్రే కొడితే సరిపోదా?

తుప్పుశత్రువు
తడిని తరమడానికి బాగుంటుంది, కనెక్టర్ దగ్గరో బిగిసిన బోల్టుకో వాడండి. కానీ ఆ పొర పలచన, ఎక్కువ కాలం నిలవదు. డోర్ అడుగుకి మైనమే.

రెండోఓనర్
లోపల పైపైన ఎరుపే, రేకు గట్టిగానే ఉంది. ఆరబెట్టి వ్యాక్స్ కొట్టా, రంధ్రాలు మళ్ళీ తెరిచా. కొత్త షీట్ దొరికింది, బ్యూటైల్‌తో వేశా, అడుగు అంచు లోపలికి దోపా. ప్యాడ్ లేకుండా నీళ్ళు పోసి చూస్తే టిష్యూ పొడిగానే ఉంది.

కార్పెట్ పైన ఆరింది కానీ వాసన పోవట్లేదు.

మెల్లగావెళ్దాం
పైన ఆరడం చూసి మోసపోకండి. కార్పెట్ కింద మందపాటి ఫోమ్ ఉంటుంది, నీళ్ళన్నీ పట్టేది అదే. గుమ్మం ప్లాస్టిక్ పట్టీ తీసి కార్పెట్ ఎత్తి చేత్తో నొక్కి చూడండి. తడి 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు పడుతుంది, సెంటు చల్లితే పోదు. తడి పీల్చే వాక్యూమ్‌తో లాగి, కింద చెక్క ముక్కలు పెట్టి ఎత్తి ఫ్యాన్ గాలి తగలనివ్వండి. కొన్ని బండ్లలో సీటు కింద కంట్రోల్ యూనిట్లు, కనెక్టర్లు ఉంటాయి. వాటి చుట్టూ తడి లేకుండా చూసుకోండి.

రెండోఓనర్
నిజమే, నొక్కితే ఫోమ్ నుంచి నీళ్ళు వచ్చాయి. ఎత్తి ఆరబెడుతున్నా.

వానపిట్ట
నా వైపు నుంచి కూడా ఖబురు. ర్యాంప్ మీద పెట్టించి గుమ్మం డ్రెయిన్లు తెరిపించా, బోలెడు నీళ్ళు. సన్‌రూఫ్ వెనక కుడి గొట్టం కింది చివర పూడిపోయి, మధ్యలో జాయింట్ దగ్గర కారుతోంది. గొట్టం మార్పించా. పానా గారికి థాంక్స్, నేనైతే డోర్ ప్యాడ్లన్నీ విప్పించేదాన్ని.

గేర్‌మార్చు
మరి డిక్కీ డోర్‌కి ఏం సంగతి? నాది ఎత్తినప్పుడు చివరి నుంచి నీళ్ళు మెడ మీద పడ్తయి.

పదోనంబర్‌పానా
దానికీ అడుగు అంచున రంధ్రాలుంటాయి, మూసి ఉన్నప్పుడు కిందికి వచ్చే వైపు. అవి తెరిచే ఉండి కూడా నీళ్ళు వస్తుంటే, మూడో బ్రేక్ లైటు గ్యాస్కెట్, వెనక వైపర్ మోటార్ రబ్బరు, నంబర్ ప్లేట్ లైటు చూడండి. వయసైన బండ్లలో ముందు ఎండిపోయేవి అవే. డ్రిల్ తీయకండి అన్నా :)

గేర్‌మార్చు
తియ్య తియ్య. కేబుల్ టై తెచ్చుకున్న.

రెండోఓనర్
చివరగా ఒకటి. ప్యాడ్ తీసినప్పుడు కొన్ని క్లిప్పులు విరిగాయి. మిగిలిన వాటితో బిగించేయొచ్చా?

సౌండ్‌పిచ్చోడు
వద్దు, విరిగినవన్నీ కొత్తవి వేయండి. ప్యాడ్ వదులుగా ఉంటే పాట పెట్టినప్పుడల్లా గరగరమంటుంది. చుట్టూ చిన్న ఫోమ్ వాషర్ ఉన్న క్లిప్పులైతే అదే రకం తీసుకోండి, ఆ వాషర్ క్లిప్పు రంధ్రం నుంచి చెమ్మ రాకుండా ఆపుతుంది. వేసేముందు ప్యాడ్ వెనక క్లిప్పు సీట్లు పగిలాయేమో కూడా చూసుకోండి.